పైకి నిచ్చెన, కిందికి పాము: రెండో డివిజన్ ఫుట్‌బాల్ పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్న రోజుల్లో సయ్యద్ అబ్దుల్ రహీం ఒక విచిత్రమైన టోర్నమెంటు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు అందులో ఎడమకాలితోనే బంతి తన్నాలి. ఎడమకాలివాడు కుడికాలితో తన్నాలి. వాటమైన కాలు మైదానంలో ఉంటుంది, పరుగెత్తుతుంది, కానీ బంతిని ముట్టకూడదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పటి నుంచి నా మనసు దాని చుట్టే తిరుగుతున్నది. భారత జట్టును ఒలింపిక్స్‌కు తీసుకుపోయిన కోచ్, ఊళ్లో కుర్రాళ్ల చేతకాని కాలు కోసం ఒక పోటీనే పెట్టాడు!

దానికి చుట్టాలూ ఉన్నాయి. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంటు ఒకటి. బంతి అందగానే తోటివాడికి అందించాలి తప్ప కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదు. ఎత్తు కొలిచి పొట్టి పిల్లలకు మాత్రమే పెట్టిన పోటీ మరొకటి. వీటిలో గెలిచినంత మాత్రాన ఎవరి పేరూ పత్రికల మొదటి పేజీకి ఎక్కదు. అయినా హైదరాబాద్ ఫుట్‌బాల్ దేశాన్ని ఏలిన కాలానికి పునాది పడింది ఇలాంటి చిన్న పోటీల్లోనే అని నా నమ్మకం. ఆ నమ్మకమే నన్ను రెండో డివిజన్ల చరిత్ర వైపు లాక్కుపోయింది. పై లీగుకు కింద ఇంకో లీగు ఉండాలన్న ఆలోచన ముందు ఎవరికి వచ్చింది?

ఇంగ్లండులో 1888లో విలియం మెక్‌గ్రెగర్ అనే బట్టల వ్యాపారి చొరవతో 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగ్ పెట్టుకున్నాయి. అందులో చోటు దొరకని క్లబ్బులు మరుసటి ఏడే ఫుట్‌బాల్ అలయన్స్ పేరుతో తమ లీగు తాము నడుపుకున్నాయి. 1892లో రెండూ కలిసిపోయాయి. బలమైన 16 క్లబ్బులు మొదటి డివిజన్, మిగిలిన 12 రెండో డివిజన్. చోటు దక్కనివాళ్లు ఊరుకోకుండా సొంతంగా ఆడుకున్నారు కాబట్టే రెండో డివిజన్ పుట్టింది. ఆ పుట్టుకలోని పౌరుషం నాకు చాలా ఇష్టం.

పైకి ఎవరు పోవాలి, కిందికి ఎవరు రావాలి అన్నది మొదట్లో నేరుగా తేలేది కాదు. పై డివిజన్‌లో అడుగున ఉన్నవాళ్లకూ, కింది డివిజన్‌లో ముందున్నవాళ్లకూ ‘టెస్ట్ మ్యాచ్’లు పెట్టేవారు. 1898 ఏప్రిల్ 30న స్టోక్, బర్న్‌లీ జట్లు అలాంటి మ్యాచ్ ఆడాయి. డ్రా అయితే చాలు, ఇద్దరికీ మొదటి డివిజన్‌లో చోటు ఖాయం. ఇద్దరూ గోలు వైపు చూడనే లేదు. స్కోరు 0-0. విసిగిపోయిన జనం తమ వైపు వచ్చిన బంతులను తిరిగి ఇవ్వకుండా దాచేసుకున్నారు. ఆ గొడవ తర్వాత టెస్ట్ మ్యాచ్‌లకు మంగళం పాడి, పట్టికలో కింద ఉన్న ఇద్దరు దిగాలి, పైన ఉన్న ఇద్దరు ఎక్కాలి అని తేల్చేశారు. వైకుంఠపాళి పటం ఫుట్‌బాల్‌లోకి వచ్చింది అప్పుడే. నిచ్చెనా ఉంటుంది, పామూ ఉంటుంది, నీ గడి ఎక్కడో నీ ఆటే చెబుతుంది.

అదే 1898లో కలకత్తా లీగు మొదలైంది. ఇక్కడ మాత్రం నిచ్చెన అందరికీ వేయలేదు. 1911 జూలై 29న మోహన్ బాగాన్ జట్టు, ఒక్కడు తప్ప అందరూ వట్టికాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. దేశమంతా పొంగిపోయింది. అయినా ఆ జట్టుకు లీగులో రెండో డివిజన్‌లో చోటు దొరికింది 1914లో, మొదటి డివిజన్‌కు ఎక్కింది 1915లో. తెల్లవాళ్ల జట్లు నిండిన మొదటి డివిజన్‌లో భారతీయ క్లబ్బులు రెండుకు మించి ఉండకూడదన్న నియమం ఒకటి ఉండేది. ఈస్ట్ బెంగాల్ 1924లో అర్హత సంపాదించినా ఆ నియమం అడ్డు వచ్చింది. పోరాడి దాన్ని తొలగించుకున్నాకే 1925లో పైకి వచ్చింది. నిచ్చెన ఎక్కే కాళ్ల రంగు చూసే ఆట ఇది. రెండో డివిజన్ అంటే ప్రతిభకు తలుపు తెరిచేది. పాలకుడి చేతిలో పడితే అదే తలుపు గడియ అవుతుందని ఆ పదేళ్లు రుజువు చేశాయి.

మహమ్మడన్ స్పోర్టింగ్ ఆ గడియను ఊడబెరికింది. రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన తొలి ఏడే, 1934లో, లీగు గెలిచింది. 1938 దాకా వరసగా ఐదేళ్లూ గెలిచింది. ఈ క్లబ్బు పేరు గుర్తుంచుకోండి. 90 ఏళ్ల తర్వాత మన దారికి అడ్డం వస్తుంది.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. ఇక్కడ ఆగడమే నాకిష్టం.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఆ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు, బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బళ్లు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల బాధ్యత నెత్తికెత్తుకున్నారు. ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పని, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ, ఆపైన భారత జట్టు శిక్షణ అన్నీ ఆ పంతులు చేతికే వచ్చాయి. ఆయన ఫుట్‌బాల్‌ను పాఠంలా చెప్పారు. పాఠంలో చివరి బెంచీ పిల్లవాడూ లెక్కే. అందుకే చేతకాని కాలికీ, పొట్టి పిల్లలకూ టోర్నమెంట్లు వచ్చాయి.

సిటీ పోలీస్ గెలుపులు వరసగా చెప్పుకోవాలి. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బాగాన్ మీద గెలుపు. అదే ఏడు రోవర్స్ కప్. ఆ తర్వాత 1951, 52, 53, 54 రోవర్స్ కప్‌లు కూడా. వరసగా ఐదు! 1954లో మళ్లీ డ్యూరాండ్, 1957లో మళ్లీ. బొంబాయిలోనూ ఢిల్లీలోనూ కప్పు కోసం దిగిన జట్లకు మన పోలీసులే పెద్ద పరీక్ష.

మాకు దగ్గరి మనిషి ఒకరు ఈ కథలోకి వస్తారు. మా ఊరు జడ్చర్లలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు పేరు మీద ఉంది. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల ఆయన సొంతూరు. 1952 మార్చి నుంచి 1956 అక్టోబరు దాకా హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి. అంటే ఆ రోవర్స్ కప్‌లలో చివరి మూడూ, 1954 డ్యూరాండ్ కప్పూ పాలమూరు బిడ్డ ముఖ్యమంత్రిగా ఉన్న రాష్ట్రానికి వచ్చాయి. ఆ కాలేజీ గేటు ముందు నుంచి పోతున్నప్పుడల్లా ఈ లెక్క గుర్తుకొచ్చి సంతోషం కలుగుతుంది.

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం రద్దయి, దాని తెలుగు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం తీర్చిదిద్దిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం లాంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంత పైకి మళ్లీ ఎక్కలేదు. ఇంకో సంగతి చూడండి. 1957-58 సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ పేరుతోనే మనవాళ్లు గెలిచారు. పటం మీద రాష్ట్రం లేదు, మైదానంలో జట్టు ఉంది. రాజ్యాలు గీతలు మార్చుకుంటాయి, ఆట తన పేరును అంత తొందరగా వదులుకోదు.

తులసీదాస్ బలరాం గురించి చెప్పకుండా ఈ కాలం దాటలేను. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంటి పిల్లవాడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్లతో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆటబూట్లు చేయించుకున్నాడు. అతని ఆట రహీం కంట పడింది. సాధనకు రమ్మంటే అంత దూరం ఎట్లా రావాలన్నది సమస్య. రహీం సాబ్ అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రాడే మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లు ఆడాడు, ఈస్ట్ బెంగాల్‌లో వెలిగాడు. నిచ్చెనలో ఒక మెట్టు విరిగి ఉంటే, తన జేబులోంచి ఆ మెట్టు వేసిన మనిషి రహీం. ఇప్పటి అకాడమీల్లో ఎన్ని యంత్రాలున్నా, సైకిలు అద్దె ఎవరిస్తారన్న ప్రశ్న అలాగే ఉంది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. సెప్టెంబరు 4న ఫైనల్లో స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్లు స్వర్ణం తెచ్చారు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.

ఆ తర్వాతి దశాబ్దాలను గబగబా దాటేయాల్సిందే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒక సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఆపైన మన ఊరి ఆటగాళ్ల కథలన్నీ కలకత్తా కథలే. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ అక్కడి క్లబ్బుల్లో వెలిగారు. 1977 సెప్టెంబరులో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, 2-2 అయిన ఆ మ్యాచ్‌లో మోహన్ బాగాన్ గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌ది. గర్వం కలుగుతుంది. దాని వెంటే బాధ కూడా. అంతటి ఆటగాళ్లను నిలుపుకునే క్లబ్బు ఇక్కడ ఎందుకు లేకపోయింది? పోలీసు ఉద్యోగం ఇచ్చి ఆడించిన ఏర్పాటు సన్నగిల్లాక దాని స్థానంలో మరొకటి రాలేదు. పోయింది కప్పులు కాదు, వాటిని పుట్టించిన కింది పోటీలు.

దేశంలో 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది, 2007లో అది ఐ-లీగ్ అయింది, దాని కింద రెండో డివిజన్ నడిచింది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చి క్రమంగా పై మెట్టు ఎక్కింది. ఐ-లీగ్ రెండో అంతస్తుకు దిగింది. 2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకు ఐఎస్ఎల్‌లో చోటు ఇస్తామన్నారు. నిచ్చెన వేశారు, పామును మాత్రం వదిలేశారు. పై జట్లను కిందికి దించే నియమం ఆ సీజన్లలో పెట్టలేదు.

ఆ రెండో అంతస్తులో మన జట్టు శ్రీనిధి డెక్కన్. 2015లో పుట్టింది. 2020లో ఐ-లీగ్ స్థానం దక్కింది విశాఖపట్నం పేరు మీద. ఆడుతున్నది హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనాలో. లేని రాష్ట్రం పేరుతో గెలిచిన 1957 జట్టుకు ఇదొక దూరపు చుట్టం. 2021-22లో అడుగుపెట్టిన తొలి సీజన్‌లోనే మూడో స్థానం. 2022-23లో రెండో స్థానం, పంజాబ్ జట్టు పైకి పోయింది. 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఈసారి పైకి పోయింది మహమ్మడన్ స్పోర్టింగ్, 1934 నాటి ఆ క్లబ్బే! రెండు కాలాల్లోనూ కింది డివిజన్ నుంచి పైకి ఎగబాకిన వాళ్ల పట్టుదలకు దండం పెడతాను. అంతకంటే ఎక్కువగా, వరసగా రెండేళ్లు ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయిన మన జట్టు పక్కన నిలబడతాను.

పై అంతస్తులో ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమని ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. మూడేళ్లు గడిచాక ఆ క్లబ్బు ఢిల్లీకి తరలింది, పేరు కూడా మారింది. కప్పు గెలిచిన జట్టు ఊరు దాటిపోవడానికి ఒక లావాదేవీ చాలు. వీధి వీధికీ ఉన్న లీగును మాత్రం ఎవరూ కొనుక్కుని తీసుకుపోలేరు.

జడ్చర్ల నుంచి అజీజ్‌నగర్ రెండు గంటల దారి. 44వ నంబరు జాతీయ రహదారి, సికింద్రాబాద్ నుంచి కర్నూలు వైపు పోయే రైలు మార్గం రెండూ మా ఊరి మీదుగా పోతాయి. దూరం అడ్డంకి కాదు. మాకు కావలసింది మధ్యలో మెట్లు. బాదేపల్లి జట్టు మిడ్జిల్ జట్టుతో ఏడాదంతా ఆడే లీగు, గెలిచినవాళ్లు జిల్లా డివిజన్‌కు, అక్కడి నుంచి రాష్ట్ర లీగుకు ఎక్కే దారి. ఆడపిల్లలకు విడిగా ఒకటి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఎదిగి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు పోయింది. తండాల్లో కాళ్లకు కొదవ లేదని చెప్పడానికి ఆ ఒక్క అమ్మాయి చాలు.

మా మహబూబ్‌నగర్ జిల్లాలో ఇలాంటి రెండు డివిజన్ల లీగుకు కావలసినవి పెద్దవేమీ కావు. కాలేజీ మైదానాలు, సెలవు రోజు విజిల్ పట్టే ఇద్దరు వ్యాయామోపాధ్యాయులు, బంతులు, దూరం నుంచి వచ్చే పిల్లలకు బస్సు చార్జీలు. పట్టికలో అడుగున ఉన్నవాళ్లు దిగాలి, పైన ఉన్నవాళ్లు ఎక్కాలి అన్న నియమం మొదటి రోజు నుంచే ఉండాలి. కింది పోటీలు పెట్టి పిల్లలను ఆడించడమే రహీం సాబ్ పంతులుగా ఉంటూ చేసిన పని. ఈ లీగు మన పంతుళ్లు, మన క్రీడాధికారులు, మన కాలేజీలు కలిస్తే ఒక్క సీజన్‌లో మొదలుపెట్టగలిగిన పని. వచ్చే వానాకాలం దాటగానే మొదలుపెడదాం.