గుడి మునిగే దూరం

జగన్నాథుని దర్శనానికి పూరీ వచ్చి సముద్రస్నానం చేసిన పాఠకులకు నోలియాలు గుర్తుండే ఉంటారు. మొనదేలిన టోపీ పెట్టుకొని, యాత్రికుల చెయ్యి పట్టుకొని, కెరటం వచ్చే వేళకు ముంచి లేపి, కూలి పుచ్చుకొని పంపేవారు. వాళ్ళు తమలో తాము తెలుగులో మాట్లాడుకోవడం విని నివ్వెరపోయినవారూ ఉంటారు. నోలియా అన్నది ఒడియావారు మాకు పెట్టిన పేరు. మేము వాడబలిజలం. విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి చేపల వెంట ఉత్తరానికి వచ్చి ఇక్కడ పాకలు వేసుకొన్నవాళ్ళ సంతతి. మా పేట పేరు పెంటకటా. అది అప్పటి విశాఖ జిల్లాలోని పెంటకోట నుంచి వచ్చిన పేరని మా పెద్దలు చెప్పేవారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నేను బడిపంతులునై వేటకు దూరమయ్యాను; మా తమ్ముడు కాలేదు. ఈ వ్యాసం వాడి మొదటి ఇంజను పడవ గురించి, దానికి ముందూ వెనకా జరిగినవాటి గురించి.

మా తాతల కాలంలో మా వాళ్ళకు ఉన్నవి రెండే. ఒకటి తెప్ప. తేలిక కర్ర దుంగల్ని చెక్కి, పక్కపక్కన చేర్చి, తాళ్ళతో బిగిస్తారు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగల్ని ఆరబెడతారు. తెప్పకు ఒక సుగుణముంది: అది మునగదు. నీళ్ళు దాని మీదుగా పోతాయి, మనిషి తడుస్తాడు, అంతే. రెండోది పడవ, దొరలు మసూలా అన్నది. పలకల్ని మేకులతో కాక కొబ్బరి నారతో కుట్టేవారు. ఒడ్డున విరుచుకుపడే కెరటానికి మేకుల పడవ పగిలిపోతుంది. కుట్టుపడవ వంగి తట్టుకొంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో చేపల శాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల మీద రాసిన గ్రంథం ఇలాంటివాటి గురించే. దొరగారికి అవి మానవజాతి చరిత్రకు ఆనవాళ్ళు. మా తాతకు మాత్రం పొద్దుటి కూడు.

తెప్ప మీద ఎంత దూరం పోతారు? ఈ ప్రశ్నకు మా నాన్న మైళ్ళలో జవాబు చెప్పేవాడు కాదు. "గుడి మునక్కుండా" అనేవాడు. పన్నెండో శతాబ్దంలో చోడగంగదేవుడు మొదలుపెట్టిన జగన్నాథాలయ శిఖరం ఎత్తు సుమారు 214 అడుగులు. లెక్క వేస్తే, గాలి తేటగా ఉన్న రోజున నీటి మట్టంలో కూర్చున్న మనిషికి ముప్పై కిలోమీటర్ల దాకా అది కనబడాలి. మంచు, మబ్బు ఉంటే అంతకు చాలా ముందే మాయమవుతుంది. ఓడల దొరలు కూడా దీన్నే చూసుకొని దారి తెలుసుకొనేవారు. సున్నపు పూతతో తెల్లగా ఉండేది కనుక దీన్ని తెల్ల పగోడా అనీ, కోణార్క సూర్యాలయాన్ని నల్ల పగోడా అనీ పిలిచారు. భక్తులు గుడిలోకి పోయి దేవుణ్ణి చూస్తారు. మా వాళ్ళు నడిసముద్రంలో నిలబడి గుడిని చూసేవారు. పైగా గుడి వారికి కొలబద్ద కూడా. శిఖరం ఫలానా తాడిచెట్టు మీదుగా వచ్చిందంటే అది ఒక వరస. పక్కన మరో రెండు గుర్తులు కలిస్తే ఇంకో వరస. ఆ రెండు వరసలూ కలిసిన చోట అడుగున రాయి ఉంటుంది, రాతి దగ్గర చేప ఉంటుంది. ఆ వరసలు తండ్రి కొడుక్కు చెప్పేవాడు, అల్లుడికి చెప్పేవాడు కాదు!

ఇక ఇంజను సంగతి. పడవ వెనక తగిలించుకొనే మోటారును అమ్మకానికి పనికొచ్చేలా చేసి పేరు తెచ్చుకొన్నది ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలో మిల్వాకీలో స్థిరపడ్డ మెకానిక్కు. 1909లో వ్యాపారం మొదలుపెట్టాడు. తనకు కాబోయే భార్య ఐస్‌క్రీం అడిగితే ఎండలో సరస్సుకు అడ్డంగా తెడ్డు వేసి అలసిపోయి ఈ ఆలోచన చేశాడని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గాని, మా ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వుతారు. మన దేశంలో చేపల పడవకు ఇంజను పెట్టే ప్రయత్నం గట్టిగా జరిగిందీ నార్వేవారి చేతనే. 1953లో కేరళలో కొల్లం దగ్గర నీండకరలో ఇండో నార్వీజియన్ ప్రాజెక్టు మొదలైంది. పాత పడవలకు ఇంజను పెట్టబోతే కుదరక కొత్త పడవలు కట్టారు. ఆ దారి చివరికి రొయ్యల ట్రాలర్ల దాకా పోయింది.

మా తీరం కథ వేరు. ఇక్కడ రేవులు తక్కువ. ఒడ్డంతా కెరటాల విరుగుడు. ఇసుకలోకి తోసుకొచ్చే పడవకు అడుగున పంకా ఉంటే అది ఇసుకలో విరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, స్వీడన్ డబ్బుతో, మద్రాసు కేంద్రంగా 1979లో బంగాళాఖాత కార్యక్రమం ప్రారంభించింది. దాని ఇంజనీర్లు కెరటాల ఒడ్డుకు పనికొచ్చే ఫైబర్ పడవలు రూపొందించారు. డీజిలు ఇంజను, దాని ఇరుసు, పంకా అన్నీ కలిపి, ఒడ్డు దగ్గరపడగానే లోపలికి ఎత్తుకొనే ఏర్పాటు చేశారు. 1980లలో ఆ పడవలు ఆంధ్ర, ఒడిశా తీరాలకు వచ్చాయి. అదే దశకంలో ప్రభుత్వం కూడా నాటు పడవలకు ఇంజను పెట్టుకొంటే రాయితీ ఇవ్వసాగింది. ఒకరి పడవ చూసి ఒకరు, మెల్లగా మా పేటలోనూ దుంగలు తగ్గి ఫైబర్ తెప్పలు పెరిగాయి.

మా తమ్ముడు 1990లో అప్పుచేసి 22 అడుగుల ఫైబర్ తెప్ప కొన్నాడు. కొత్త ఇంజనుకు డబ్బు చాలక, తమిళ తీరం నుంచి వచ్చిన ఒక పాత కిరసనాయిలు మోటారు కొన్నాడు. అమ్మినవాడు తాడు లాగి స్టార్టు చేసి చూపించాడు గాని, దాన్ని ఎలా ఆపాలో చెప్పలేదు. ఆపడానికి కూడా విద్య ఉంటుందని మాకెలా తెలుసు? ఈ రకం మోటారును పెట్రోలుతో స్టార్టు చేయాలి. వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. ఆపబోయే ముందు మళ్ళీ పెట్రోలుకు తిప్పి, లోపలి కిరసనాయిలు అంతా ఖర్చయ్యేదాకా నడిపి, అప్పుడు ఆపాలి. లేకపోతే చల్లారాక అది కదలదు.

1991 మార్చిలో, బడికి సెలవు కావడంతో, సరదాపడి నేను కూడా వెళ్ళాను. తమ్ముడు, నేను, మా మేనమామ కొడుకు. రాత్రి రెండింటికి కెరటం దాటాం. అది చూడవలసిన పని. పడవ ముక్కు నేరుగా కెరటానికి ఎదురుగా పట్టి, పెద్ద కెరటాలు మూడో నాలుగో పోనిచ్చి, సందు దొరగ్గానే ఒక్క ఊపున పోవాలి. పడవ అడ్డం తిరిగిందా, బోల్తా. తెల్లవారేసరికి మంచులో గుడి మునిగిపోయింది. మా నాన్న జన్మలో ఎన్నడో గాని రాని నీళ్ళు. గాలాలు వేశాం. నాలుగు కోనాలు, కొన్ని సూరలు పడ్డాయి. తమ్ముడి ముఖంలో అంత వెలుగు నేను వాడి పెళ్ళిలో కూడా చూడలేదు. గాలాలు వేసేటప్పుడు చప్పుడెందుకని వాడు మోటారు ఆపేశాడు, కిరసనాయిలు మీదనే.

పదింటికి తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. ప్లగ్గు విప్పి తుడిచి లాగాడు. పెట్రోలు సీసాలో అడుగున కాస్త మిగిలింది, అదీ అయిపోయింది. మధ్యాహ్నానికి వాడి అరచేతులు చిట్లాయి. తెరచాప లేదు. తెడ్డు ఒకటే. ఒడ్డు ఎటో నాకు తెలియదు; వాళ్ళిద్దరికీ తెలుసు గాని మాట్లాడటం లేదు. ఎండ పొద్దు వాలేసరికి నైరుతి గాలి లేచింది. వలల మీద కప్పే టార్పాలిన్ని తెడ్డుకు కట్టి నిలబెట్టాం, ఇద్దరు పట్టుకొని, ఒకరు చేతి పలకతో పడవ తిప్పుతూ. పూరీకి పోలేం. గాలి ఎటు తీసుకుపోతే అటే. చీకటిపడ్డాక కుడి చేతివైపు ఒక వెలుగు, ఆగి ఆగి. చంద్రభాగ లైట్‌హౌసు, కోణార్క దగ్గరది. నల్ల పగోడా చేసిన పని ఇప్పుడది చేస్తోంది! అర్ధరాత్రి దాటాక కెరటాల మోత వినబడే దూరంలో లంగరు వేశాం. చీకట్లో ఆ విరుగుడులోకి పోతే ముగ్గురమూ పోతాం అన్నాడు తమ్ముడు. తెల్లవారేదాకా కూర్చున్నాం. మంచినీళ్ళు సాయంత్రమే అయిపోయాయి. పంతులుగా నేను పిల్లలకు భూగోళం చెప్పేవాణ్ణి; ఆ రాత్రి నాకు తెలిసినది ఒక్కటీ అక్కరకు రాలేదు.

ఇంటికి చేరాక మా నాన్న తిట్టలేదు. "తెరసాప ఏదిరా?" అని మాత్రం అడిగాడు. "ఇంజనుంది కదా నాయినా" అన్నాడు తమ్ముడు. నాన్న మర్నాడే గుడ్డ తెప్పించి, వారం రోజులు కూర్చొని, చాప కుట్టాడు. అది లేకుండా పడవ కదలకూడదన్నాడు. తమ్ముడు తనంతట తాను మరికొన్ని కట్టుబాట్లు పెట్టుకొన్నాడు. చమురు మూడు వంతుల్లో ఒక వంతు పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి తాకకుండా. పంకా పిన్నులు నాలుగు జేబులో. ఇంటికి వచ్చాక ఎంత రాత్రయినా డ్రమ్ములో మంచినీళ్ళు పోసి మోటారు నడిపి ఉప్పు కడగడం. ఎటు పోతున్నాడో మా మరదలికి చెప్పిపోవడం. ఆమె ఆ మాట గోడ మీద బొగ్గుతో గీసేది.

ఇంజను వచ్చి మేం బాగుపడ్డామా అని నన్నడిగితే, నాన్న తరం కంటే కోనాలు ఎక్కువ చూశాం, అప్పూ ఎక్కువ చూశాం అంటాను. ఒడిశాలో 1982 చట్టం కింద ఒడ్డు నుంచి 5 కిలోమీటర్లు నాటు పడవలకే విడిచిపెట్టారు. ట్రాలరు వల లాక్కుపోయిన రాత్రి ఆ గీత నీళ్ళ మీద ఎవరికి కనబడుతుంది? తాబేళ్ళ కోసం దేవి, ధామ్రా, రుషికుల్యా ముఖద్వారాల వద్ద నవంబరు నుంచి మే దాకా 20 కిలోమీటర్ల మేర నిషేధం. తాబేలు బతకాలనే నేనూ కోరుకొంటాను. కాని మంచి వేట కాలం కూడా ఆ నెలలే కావడం మా ఖర్మ.

2019 మే 3న ఫణి తుఫాను పూరీ మీదే తీరం దాటింది. నాన్న కుట్టిన తెరచాప పాకతోపాటు పోయింది. ఆయన గుర్తుపెట్టిన తాడిచెట్టూ పోయింది. తమ్ముడి కొడుకు ఆ రాతిచోటును జీపీఎస్‌లో ఎక్కించుకొందామని అప్పటిదాకా అనుకొంటూనే ఉన్నాడు. చెట్టు పోయాక గుడి ఒక్కటే మిగిలింది. రెండో వరస మాత్రమే ఉంటే చోటు దొరకదు. తండ్రీ కొడుకులు ఆ గీత మీదే పోతూ వస్తూ, తాడుకు ఇనపగుండు కట్టి అడుగు తడుముతూ, మూడు రోజులు వెతికారు. మూడో రోజు సాయంత్రం గుండు రాతికి తగిలిందట. ఆ అంకెలు కాగితం మీద రాసి నాకు తెచ్చిచ్చాడు తమ్ముడు, నీ పుస్తకాల్లో పెట్టు, మా ఇంట్లో అయితే తడుస్తుంది అని.