గ్లో ఇంజను ట్యూనింగు – చరిత్ర

నమూనా విమానాలను ఎగరేసే చిన్న గ్లో ఇంజనులో మంట ఎప్పుడు అంటుకోవాలో నిర్ణయించే యంత్రాంగం విడిగా ఉండదు. మిథనాల్ ఆవిరి ప్లగ్గులోని ప్లాటినం మిశ్రమ తీగను తాకితే ఉత్ప్రేరక చర్య జరిగి తీగ ఎర్రగా కాగుతూ ఉంటుంది. పిస్టన్ మిశ్రమాన్ని అదిమినప్పుడు అదే అంటిస్తుంది. 1.5 వోల్టుల బ్యాటరీ స్టార్ట్ చేసేంతవరకే కావాలి. ఈ సులువు వెనక ఒక చిక్కుంది. జ్వలన సమయం, చల్లదనం, కందెన అన్నీ లోపలికి ఎంత ఇంధనం పోతోందన్న దాని మీదే నడుస్తాయి. అందుకే ట్యూనింగు చరిత్ర చాలావరకు ఆ ఇంధనాన్ని అదుపు చేసే నీడిల్ వాల్వు చరిత్రే.

1930ల్లో అమెరికాలో విలియం బ్రౌన్ రూపొందించిన బ్రౌన్ జూనియర్ వంటి ఇంజన్లు పెట్రోలుతో, స్పార్క్ ప్లగ్గుతో నడిచేవి. కాయిల్, కండెన్సర్, పాయింట్లు, బ్యాటరీ అన్నింటినీ విమానమే మోయాలి. ఐరోపాలో యుద్ధకాలంలో ఈథరు, కిరోసిను, ఆముదం కలిపి నడిపే నమూనా డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటిలో హెడ్డు మీది మర తిప్పి సంపీడనాన్ని మార్చుకోవచ్చు. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును అమ్మకానికి తెచ్చాడు. బ్యాటరీ నేల మీదే ఉండిపోయింది, విమానం బరువు తగ్గింది. కొద్ది ఏళ్లలోనే స్పార్క్ ఇంజన్లు అటకెక్కాయి.

మిథనాల్‌లో మామూలు ఖనిజ నూనెలు కలవవు, ఆముదం కలుస్తుంది. అలా ఐదో వంతు ఆముదం పోయడం ఆనవాయితీ అయింది. అది ఇంజను మీద గోధుమరంగు జిగురు పూత మిగులుస్తుంది, తుడవడం పెద్ద పని. అయినా వేడి మితిమీరినప్పుడు చాలా సింథటిక్ నూనెలకన్నా ఎక్కువసేపు కాపాడేది ఆముదమే. పాతకాపులు దాన్ని వదలకపోవడం ఉత్త చాదస్తమేమీ కాదు. నైట్రోమీథేన్ కలిపితే శక్తి పెరుగుతుంది, ఐడ్లింగు కుదురుతుంది. కానీ జ్వలన తొందరపడుతుంది కాబట్టి హెడ్డు కింద ఇంకో షిమ్ము వేసి సంపీడనం తగ్గించాలి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత సరిగా బిగించని డబ్బాలోని ఇంధనంతో ఎంత ట్యూన్ చేసినా శ్రమ దండగే.

1956లో కాలిఫోర్నియాలోని కాక్స్ సంస్థ తెచ్చిన బేబ్ బీ గ్లో ఇంజనును పిల్లల చేతికి చేర్చింది. సిలిండర్ పరిమాణం 0.8 సీసీ, ట్యాంకు ఇంజను వీపుకే అతుక్కుని ఉంటుంది. రీడ్ వాల్వు పుణ్యమా అని ఒక్కోసారి వెనక్కి కూడా స్టార్ట్ అయిపోతుంది.

ట్యూనింగులో అసలు పనితనం, పైలట్ తీగలు పట్టుకుని తన చుట్టూ తిప్పే కంట్రోల్ లైన్ స్టంట్ విమానాల్లో కనిపిస్తుంది. 1940ల చివర్లో వచ్చిన ఫాక్స్ 35ను స్టంట్ పైలట్లు కావాలనే ఇంధనం ఎక్కువ పోయేలా పెట్టేవారు. అప్పుడు రెండు స్ట్రోకుల ఇంజనైనా ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండుతూ, నాలుగు స్ట్రోకుల దానిలా మొద్దుగా మోగుతుంది. విమానం ముక్కు పైకెత్తగానే ట్యాంకు నుంచి ఇంధనం ఎక్కలేక మిశ్రమం పలచబడుతుంది. శబ్దం సన్నగా మారి, సరిగ్గా కావలసినచోట బలం వస్తుంది. తిరిగి మట్టంగా రాగానే మళ్లీ మొద్దు శబ్దం. ఇదంతా పైలట్ వేలు పెట్టకుండా జరగాలంటే ట్యాంకు ఎత్తు, ప్లగ్గు వేడి, పంకా కొలత కుదరాలి.

రేడియో కంట్రోల్ వచ్చాక థ్రాటిల్ తప్పనిసరైంది, కార్బురేటర్‌లో రెండో సర్దుబాటు చేరింది. మొదట పూర్తి థ్రాటిల్‌లో పెద్ద నీడిల్ సరిచేయాలి, ఆ తర్వాతే ఐడ్లింగు. నీడిల్‌ను ఒక్కో క్లిక్కు బిగిస్తూ వేగం గరిష్ఠానికి చేర్చి, ఆపైన నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తగ్గేదాకా వదులు చేస్తారు. గాల్లో పంకా మీద భారం తగ్గి వేగం పెరుగుతుంది, మిశ్రమం పలచబడుతుంది కాబట్టి ఈ జాగ్రత్త. నేల మీద ఉన్నదంతా పిండుకున్నవాడి ఇంజను తొలి లూప్‌లోనే ఆగుతుంది. ఇంధనం గొట్టాన్ని వేళ్లతో ఒక్క క్షణం నొక్కి చూడటం పాత పరీక్ష. వేగం కాస్త పెరిగి పడిపోతే సరే, నొక్కగానే పడిపోతే ఇప్పటికే పలచనైనట్టు. ట్యాంకు మధ్యరేఖ నీడిల్ మట్టంలో లేకుంటే ఈ పరీక్షా మోసం చేస్తుంది. గాలిబుడగల సమస్యను చాలామంది నీడిల్ మీదికి నెడతారు గానీ, తప్పు సాధారణంగా పగిలిన గొట్టానిదో వణికే ట్యాంకుదో.

1970ల్లో అల్యూమినియం పిస్టన్, క్రోమియం పూసిన ఇత్తడి సిలిండర్ ఉన్న ఇంజన్లు వ్యాపించడంతో కొత్త ఇంజనును అలవాటు చేసే రన్నింగ్ ఇన్ పద్ధతి తిరగబడింది. రింగు ఉన్న పాత ఇంజనును గంటల తరబడి ఇంధనం ఎక్కువ పెట్టి మెల్లగా నడిపేవారు. కొత్తదాని సిలిండర్ పైన ఇరుకుగా ఉంటుంది, వేడెక్కితేనే సరైన సందు వస్తుంది. దాన్ని చల్లగా నడిపితే పిస్టనే అరిగిపోతుంది. అదే దశాబ్దంలో జపాన్ సంస్థ ఓ.ఎస్. నాలుగు స్ట్రోకుల గ్లో ఇంజన్లు తెచ్చాక వాల్వుల సందు కొలవడం కూడా పనుల్లో చేరింది.

2000 తర్వాత బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు ఈ రంగాన్ని చాలావరకు ఆక్రమించాయి. గ్లో ఇంజన్ల పట్టు ఇంకా సడలని చోటు అంతర్జాతీయ ఎఫ్2ఏ కంట్రోల్ లైన్ వేగ పోటీలు. 2.5 సీసీ మించని ఇంజను, 80 శాతం మిథనాల్, 20 శాతం ఆముదం, నైట్రో నిషిద్ధం. విమానం గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. పొగ బయటికి పోయే ట్యూన్డ్ పైపు పొడవు, పంకా, నీడిల్ ఒకదానితో ఒకటి నప్పేదాకా ఎగరేస్తూ, దించుతూ సరిచేసుకుంటూ పోవడమే అక్కడి పని.