పది అంగుళాల వాన, పద్నాలుగు వందల ఎకరాలు

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత మనదే కరువు సీమ అని బడిలో చదువుకోని పిల్లవాడు ఆ జిల్లాలో ఉండడు. అమెరికా నైరుతి కొసన, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న శాన్‌డియాగోలో పడేది అందులో సగం కూడా కాదు, ఏడాదికి పది అంగుళాలు. సాఫ్ట్‌వేర్ కొలువు మీద ఆ ఊరు చేరిన అనంతపురం మనిషికి ముందు ఈ లెక్కే నమ్మబుద్ధి కాదు. ఊరి నడుమ 1,200 ఎకరాల తోట ఉంది మరి. పేరు బాల్బోవా పార్కు. యూకలిప్టస్ నీడలు, తామర కొలను, మ్యూజియాలు, ప్రపంచమంతా పేరు విన్న జంతుప్రదర్శనశాల, అన్నీ అందులోనే. మన వానలో సగం వానతో ఇంత పచ్చదనం ఎక్కడిది?

జవాబు చెట్ల దగ్గర లేదు, భూమి దగ్గర ఉంది. ఆ నేల కుమియాయ్ అనే ఆదివాసులది. వాళ్ల మీదికి స్పెయిన్ వచ్చింది, తర్వాత మెక్సికో, ఆ తర్వాత అమెరికా. మెక్సికో పాలనలో ఊరికి ఉమ్మడి భూమిగా గుర్తించిన వేల ఎకరాలు అమెరికా చేతికి వచ్చాక కూడా ఊరి పేరు మీదే మిగిలాయి. మన గ్రామ పోరంబోకు లాంటివన్నమాట. 1868లో ఊరి ధర్మకర్తలు అందులో 1,400 ఎకరాలను పార్కు కోసం విడిగా పెట్టారు. అప్పటికి ఊరి జనాభా దాదాపు 2,300. ఒక పెద్ద పల్లెకు ఉండేంత జనం. కంపపొదలు, గిలక పాములు తప్ప ఏమీ లేని మెట్టను ఇంకా పుట్టని మనుమల కోసం పక్కన పెట్టుకున్నారు. ఆ కొద్దిమంది చూపు ఎంత దూరం పోయిందో తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

1870లో రాష్ట్ర శాసనసభ ఈ భూమి ఎప్పటికీ పార్కుగానే ఉండాలని చట్టం చేసింది. ఏడాది తిరగ్గానే దాన్ని గుట్టుగా రద్దు చేయించి భూమి అమ్ముకోవాలని కొందరు పెద్దలు ఎత్తు వేశారు. ఈ కథ మనకు కొత్తేమీ కాదు. తేడా అల్లా ఒక్కటే, విషయం బయటపడగానే ఊరివాళ్లు సంతకాలు పెట్టి రాజధాని సాక్రమెంటోకు నిరసన పత్రం పంపారు. భూమి నిలిచింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

చెట్లు తెచ్చింది కేట్ సెషన్స్. బర్క్‌లీలో సైన్సు చదివి, టీచరుగా వచ్చి, నర్సరీ పెట్టుకున్న ఆడమనిషి. 1892లో ఆమె నగరంతో ఒప్పందం కుదుర్చుకుంది: పార్కులో ముప్పై ఎకరాల పైచిలుకు నర్సరీకి ఇస్తే, బదులుగా ఏటా పార్కులో 100 చెట్లు నాటాలి, ఊళ్లో ఇతర చోట్లకు మరో 300 మొక్కలు ఇవ్వాలి. రూపాయి చేతులు మారని కౌలు. పొడి నేలకు ఏ చెట్టు ఓర్చుకుంటుందో దేశదేశాల మొక్కలు తెచ్చి పరీక్షించింది. వేసవి మొదట్లో ఆ ఊరి వీధుల్లో ఊదారంగు పూలు పూసే జకరాండాలు అంతగా పెరగడం వెనక ఆమె చెయ్యి ఉంది. 1940లో చనిపోయే నాటికి ఆమెను పార్కు తల్లి అనేవాళ్లు.

బాల్బోవా అన్న పేరు 1910లో వచ్చింది. పనామా కాలువ తెరిచిన సంబరానికి 1915లో ఇక్కడ పెద్ద ప్రదర్శన పెట్టారు. 1910లో నలభై వేల జనం కూడా నిండని ఊరు అది. ఇవాళ చూసే స్పానిష్ పోకడ గోపురాలు, వంతెన, ఆరుబయట వాయించే పెద్ద ఆర్గాన్ అప్పటివే. ప్రదర్శన రెండో ఏడాదికి కూడా సాగింది. అయితే ఊరి చెరువులు నిండలేదు.

ఇక్కడి నుంచి అనంతపురం మనిషికి కథ మరీ దగ్గరైపోతుంది. 1915 డిసెంబరులో నగర కౌన్సిల్ చార్లెస్ హాట్‌ఫీల్డ్ అనే వానల మనిషిని పిలిపించింది. ఒకప్పుడు కుట్టుమిషన్లు అమ్ముకున్నవాడు. మొరీనా జలాశయం నింపితే 10,000 డాలర్లు అన్నారు. కాగితం మీద సంతకం పడలేదు. అతను జలాశయం గట్టున మంచె కట్టి రసాయనాలు ఆవిరి పట్టాడు. వాన రాకపోతే మనం విరాటపర్వం చదివిస్తాం, కప్పలకు పెళ్లి చేస్తాం. 2003లో విమానాలతో మేఘమథనం కూడా చేయించుకున్నాం. నీళ్ల కోసం మనిషి పడే ఆరాటం అక్కడా ఇక్కడా ఒకటే.

1916 జనవరిలో వాన మొదలై ఆగలేదు. జనవరి 27న లోయర్ ఓటే ఆనకట్ట తెగింది. వంతెనలు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. నష్టపరిహారం దావాలన్నీ నువ్వే భరిస్తానంటేనే డబ్బిస్తామని నగరం అంది. వ్యాజ్యం 1938 దాకా నడిచింది. చివరికి వాన దేవుడి పని అని తేలింది, హాట్‌ఫీల్డ్‌కు ఏమీ దక్కలేదు. కట్ట తెగడం అన్న మాట వింటే బుక్కరాయసముద్రం గుర్తు రాని అనంతపురం వాళ్లు ఉండరు. ఊరి చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. శాన్‌డియాగోలో కోర్టు కాగితాలు మిగిలాయి, మనకు గుడి, కావ్యం మిగిలాయి.

వాన నమ్ముకుంటే కాదని తెలిశాక ఊరు నదిని నమ్ముకుంది. 1947లో కొలరాడో నది నీళ్లు కాలువల మీదుగా అక్కడికి చేరాయి. ఇవాళ్టి పచ్చదనంలో చాలా భాగం వందల మైళ్ల అవతలి నదిదే. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా ఎక్కి వచ్చిన కృష్ణ నీళ్లు 2012లో జీడిపల్లి చేరినప్పుడు కళ్లు తుడుచుకున్నవాళ్లకు ఆ నీళ్ల విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ కొలరాడో కూడా ఏడాదికేడాది చిక్కిపోతోంది. ఆ లాన్ల మీద నడిచేటప్పుడు కాస్త బెరుకుగానే ఉంటుంది.

జూన్‌లో శాన్‌డియాగో మీద సముద్రపు మబ్బు కమ్ముతుంది, చుక్క రాలదు. సరిగ్గా అప్పుడే మన ఊళ్లల్లో శెనక్కాయ విత్తే కాలం. ఆ మబ్బు కింద అనంతపురం వాళ్లు ఇంటికి ఫోన్ చేసి, ‘నాయనా, పదునైందా?’ అని అడుగుతారు. పార్కులో 1915కు ముందు నాటిన ఆస్ట్రేలియా మర్రి ఒకటి ఉంది. అంత పెద్ద చెట్టని అందరూ ఫొటోలు తీసుకుంటారు. కదిరి దగ్గర గూటిబయలులో దాదాపు ఐదెకరాలు పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను చూసిన కళ్లకు అది పసిపిల్ల.

అమెరికావాళ్లు కూడా అంతా కాపాడుకోలేదు. నౌకాదళ ఆసుపత్రికి కొంత, హైవేకు కొంత పోయి 1,400 ఎకరాలు 1,200 అయ్యాయి. మిగిలింది మాత్రం 1871లో సంతకాలు పెట్టినవాళ్ల వల్లే మిగిలింది. మన చెరువులకు, వంకలకు, చెట్లకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. మీ ఊరి చెరువు విస్తీర్ణం ఎంతో రెవెన్యూ రికార్డులో చూడండి. ఇప్పుడున్నది ఎంతో కొలిపించండి. తగ్గి ఉంటే పదిమందీ సంతకాలు పెట్టి కలెక్టరుకు అర్జీ ఇవ్వండి.