పుట్టగొడుగుల పొత్తు

నెల్లూరు జిల్లా చరిత్ర అనగానే మనుమసిద్ధి, తిక్కన సోమయాజి, మొలగొలుకుల బియ్యం గుర్తుకొస్తాయి. అది శాసనాలకూ రికార్డులకూ ఎక్కిన చరిత్ర. ఎక్కనిది మరొకటి ఉంది. వానలు పడగానే మన కోస్తా పల్లెల్లో పుట్టగొడుగులు ఏరుకొచ్చి ఇంటింటికీ పంచుకున్న ముచ్చట. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు రాసిన చేతితో దాని గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

పేరులోనే అసలు సంగతి ఉంది. పుట్ట మీద లేచే గొడుగు గనుక అది పుట్టగొడుగు. చెదపురుగులు పుల్లా ఆకూ నమిలి, పుట్ట లోపల తేనెపట్టు వంటి అరలు కట్టి, వాటి మీద ఒక రకం బూజును పెంచుకుంటాయి. అదే వాటి ఆహారం. నేల తడిసి మెత్తబడగానే ఆ బూజే పొడవాటి కాడతో పైకి లేచి గొడుగు విప్పుతుంది. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు రోజర్ హీమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. చెదపురుగు తోడు లేనిదే ఇది పెరగదు. అందుకే నేటికీ దీన్ని పెద్ద ఎత్తున సాగు చేయలేకపోయారు. బజారులో పొట్లాలు కట్టి అమ్మే తెల్లనివి వేరే జాతి.

ఏ పుట్ట మీద ఎప్పుడు లేస్తుందో, ఏది తినదగిందో, ఏది కుక్కగొడుగో మనకంటే బాగా తెలిసినవారు యానాదులు. 1835లో శ్రీహరికోట దీవి ప్రభుత్వం చేతికి వచ్చాక, వారు అడవిలో ఏరి తెచ్చిన తేనె, మైనం, కుంకుడుకాయలు, అద్దకానికి వాడే సిరివేరు వంటి సరుకు తీసుకుని, బదులుగా ధాన్యం, బట్టలు ఇచ్చేవారు. అవన్నీ నిలవ ఉండే సరుకులు, లెక్క రాసుకోదగినవి. పుట్టగొడుగు అలాంటిది కాదు. పొద్దున కోసింది సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాటికి పురుగు పడుతుంది. దాచుకోవడానికి వీల్లేదు గనుక పంచుకోవలసిందే. పొత్తు అలా పుట్టింది.

ఆ పొత్తు ఊళ్లలో సాగుతున్న రోజుల్లోనే సర్కారు వారిని మరో రకం రికార్డుకు ఎక్కించింది. నేరస్థ జాతుల చట్టం కిందకు యానాదుల్లో కొందరిని కూడా తెచ్చారు. గంప తెచ్చిన మనిషిని ఊరు పేరు పెట్టి పిలిస్తే, స్టేషను హాజరు వేయించుకుంది. నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్యగారు ఆ చట్టం పోవాలని పోరాడినవారిలో ముఖ్యులు. 1962లో యానాదులపై ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది.

1970లలో తాలూకా ఆఫీసుల్లో పనిచేసిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. వాన వెలిసిన ఉదయం అటెండరు ఎవరో ఒకరు ఆకులు కప్పిన బుట్ట తెచ్చేవాడు. తూకం లేదు, ధర లేదు. గుప్పెడు గుప్పెడుగా వాటాలు వేస్తే, వాచ్‌మన్ మొదలు తహసీల్దారు దాకా అందరికీ ఒకే వాటా. ఆ రాత్రి అన్ని ఇళ్లలోనూ అదే పులుసు. మా ఇంట్లో మాత్రం ఇసుక పోయేదాకా ఏడు నీళ్లు కడిగి, ఉల్లిపాయ, మిరియాలు దట్టించి వేపుడు చేసేవారు.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది. దేశానికి గర్వకారణమే. కానీ చాలా యానాది కుటుంబాలు దీవి వదిలి రావలసి వచ్చింది. మిగతా చోట్ల పుట్టలు చదును చేసి రొయ్యల గుంటలు, ఇళ్ల స్థలాలు వేశారు. 2022లో సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పుట్ట పోతే గొడుగు ఒక్కటే కాదు, దాన్ని గుర్తుపట్టే కన్ను కూడా పోతుంది.

కుటుంబ సభ్యులకు ఒక హెచ్చరిక. వెండి నాణెం నల్లబడకపోతే మంచిదనే పరీక్ష నమ్మదగింది కాదు. వానకు పచ్చికలో లేచే తెల్లని పెద్ద గొడుగుల్లో వాంతులు, విరేచనాలు కలిగించే రకం ఉంది. ప్రాణం తీసే రకాలూ ఉన్నాయి. తెలియనిది ముట్టవద్దు.

మీ వీధికి యానాది పెద్దమ్మ గంపతో వస్తే బేరమాడకండి. మనవళ్లను పిలిచి, ఎలా గుర్తుపడతారో ఆమెనే అడిగించండి. కొన్నదాంట్లో గుప్పెడు పొరుగింటికి పంపండి.