పొర ముదరనివ్వండి: సోంపేట కంటి ఆసుపత్రి, సంస్థలలో మార్పు

ఉద్దానపు పల్లెలలో కంటికి పొర కమ్మిన ముసలివారిని ఆసుపత్రికి రమ్మంటే తరచుగా వినబడే మాట ఒకటున్నది: "ఇంకా ముదరలేదు." పొర బాగా ముదిరిన తరువాతనే తీయించుకోవాలనీ, అదీ చలికాలమైతేనే మంచిదనీ కవిటి వైపుననే కాదు, తెలుగునాట చాలాచోట్ల అనుకుంటారు. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయుట తేలిక. అయితే ఈ మాట చాలవరకు పల్లెలో పుట్టినది కాదు. ఒకప్పుడు వైద్యులే చెప్పి పంపిన మాట. ఒక సంస్థ తన పద్ధతిని మార్చుకొనినప్పుడు, అది మునుపు జనులకు నేర్పిన అలవాటు ఏమవుతుంది? ఈ ప్రశ్నను మేము కవిటికి పొరుగుననే ఉన్న సోంపేట ఆరోగ్యవరము కంటి ఆసుపత్రి చరిత్ర మొదలుకొని పరిశీలించదలచాము. (మదనపల్లె దగ్గర క్షయ చికిత్సకు పేరుపొందిన ఆరోగ్యవరము వేరు, చదువరులు పొరబడరాదు.)

కెనడా బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని ప్రారంభించారు. తరువాతి సంవత్సరములలో వారి కేంద్రములు శ్రీకాకుళము, టెక్కలి, సోంపేటల వరకు విస్తరించాయి. సోంపేట ఆసుపత్రిని నడిపిన డాక్టర్ బెన్ గల్లిసన్, ఆయన భార్య ఎవ్లిన్ గార్ల పేర్లు మన మిషను చరిత్రలో తెలిసినవే. 1963లో గల్లిసన్ గారు కెనడాలోని కాల్గరీ నగరములో ఇక్కడి అంధులను గూర్చి మాట్లాడారు. అది విన్న ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారిని ఒక చిన్న లెక్క కదిలించింది: 25 డాలర్లుంటే ఒక మనిషికి చూపు తిరిగి వస్తుంది. ఆ కదలిక నుండి పుట్టినదే ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్. సోంపేట కొరకు మొదలైన ఆ సహాయము తరువాత అనేక దేశములకు వ్యాపించింది.

ఆ లెక్క బలమేమిటో ముందుగా ఒప్పుకొనవలెను. కాల్గరీలోని దాత కవిటిని చూడలేదు, కొబ్బరితోటలెరుగడు, తెలుగుగాని ఒడియాగాని రాదు. అయినను 25 డాలర్లు, ఒక చూపు అన్నది అతనికి అర్థమైంది. సముద్రములు దాటగలిగిన భాష అదొక్కటే. కాని ఇటువంటి లెక్క దాత దగ్గరనే ఆగదు, ఆసుపత్రి లోపలికి కూడ వస్తుంది. సంఖ్యను బట్టి డబ్బు వచ్చుచున్నప్పుడు సంఖ్యయే పనికి మారుపేరగును. ఈ ఏడు ఎన్ని కళ్లు? శిబిరములో ఎన్ని? ఆ కాలములో దేశములోని చాలా స్వచ్ఛంద నేత్ర వైద్యశాలలలో ఇదే వరస. వార్షిక నివేదికలలో బాప్తిస్మముల సంఖ్యను వేసి మిగతదానిని విడిచిపెట్టు అలవాటున్న మనకు ఇది కొత్తగా తోచదు.

ఆనాటి శస్త్రచికిత్స తీరును కొంచెము వివరించవలెను. కంటిలోని మసకబారిన కటకమును దాని సంచితో సహా మొత్తముగా తీసివేసేవారు. దాని స్థానములో ఏమియు ఉండదు గనుక రోగికి దాదాపు +10 పవరు గల మందపాటి అద్దములు ఇచ్చేవారు. జనులు వాటిని సోడాబుడ్డి కళ్లద్దాలు అన్నారు. వాటిలో వస్తువులు నాలుగవ వంతుకు పైగా పెద్దవిగా కనబడతాయి. మెట్టు ఎక్కడున్నదో, గిన్నె ఎక్కడున్నదో అంచనా తప్పుతుంది. కొంత చూపు మిగిలియున్నవారికి ఇది లాభము కాదు. అందుకే "ముదరనివ్వండి" అన్నారు. ఆనాటి చికిత్సకు అది సరియైన సలహా. శిబిరములు ఎక్కువగా చలికాలములో జరిగేవి గనుక ఆ కాలమే మంచిదన్న మాట కూడ బలపడింది. ఇక ఆ అద్దములు తోటలో జారి పగిలినచో ఆ అవ్వ మరల గుడ్డిదే. లెక్కలో మాత్రము ఆమె ఒకమారు చేరిపోయింది. పగిలిన అద్దములకు పట్టికలో గడి లేదు.

కంటిలోపల కృత్రిమ కటకమును అమర్చు పద్ధతిని హెరాల్డ్ రిడ్లీ 1949లోనే లండనులో చేసి చూపినను, మన పల్లెలకు అది విరివిగా అందినది 1990లలో. 1994 నుండి 2002 వరకు ప్రపంచబ్యాంకు సహాయముతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రములలో నడిచిన పథకము దీనిని ముందుకు తెచ్చింది. 1996-2000 మధ్య మన రాష్ట్రములో జరిగిన నేత్రవ్యాధుల సర్వే, శస్త్రచికిత్స అయినను చూపు సరిగా రానివారు గణనీయముగా ఉన్నారని తేల్చింది. సంఖ్యలు అబద్ధమాడలేదు, అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేదంతే. ఆపరేషన్ ఐసైట్ కూడ 1987లో హైదరాబాదులో స్థాపించబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థతో కలిసి నాణ్యత వైపు, శిక్షణ వైపు మొగ్గింది.

ఈ మార్పు అడిగిన మూల్యము యంత్రముల ధరకంటె పెద్దదని మా అభిప్రాయము. సూక్ష్మదర్శిని కొనవచ్చును. కాని వేల కళ్లకు చికిత్స చేసి పేరు తెచ్చుకొనిన వైద్యుడు దాని ముందు మరల విద్యార్థిగా కూర్చొనుట ఎట్లు? బడి వరండాలో శిబిరము నడిపి అలవాటైన సిబ్బంది, రోగిని వాహనములో ఆసుపత్రికే తీసుకొనివచ్చు పద్ధతికి మారవలెను. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి గారు 1976లో ప్రారంభించిన అరవింద్ ఆసుపత్రి ఈ దారి చూపినది; చెల్లించగలవారి డబ్బుతో పేదలకు ఉచిత చికిత్స చేయుట అక్కడ నేర్వదగిన మరొక సంగతి. నేర్చుకొను కాలములో చేయి నెమ్మదించును, సంఖ్య తగ్గును. తగ్గిన సంఖ్యను చూపి "మునుపటికంటె మంచి పని చేయుచున్నాము" అని దాతకు వ్రాయుటకు నిర్వాహకునికి ధైర్యము కావలెను.

పల్లెకు మాత్రము ఈ సంగతి ఎవరును చెప్పలేదు. కటకము అమర్చు పద్ధతిలో పొర ముదరనవసరము లేదు. మరీ ముదిరితేనే చికిత్స కష్టము. ఋతువు పట్టింపు లేదు. ఆసుపత్రి సలహా లోలోపల మారిపోయింది, పాత సలహా మాత్రము అత్త నోట కోడలికి చేరుచున్నది. ఆపరేషన్ ఐసైట్ తరువాతి కాలములో ఇంటింటికి తిరిగి కళ్లు పరీక్షించు మహిళా ఆరోగ్య కార్యకర్తలను పనిలో పెట్టినది ఇటువంటి దూరమును తగ్గించుటకే. అట్టి కార్యకర్త ఒక గడపలో నిలబడి "నీవు అనుకొనేది తప్పు, అవ్వా" అంటే పని జరుగదు. ఆ అవ్వ చెల్లెలికి నలభై యేండ్ల క్రిందట డాక్టరుగారే ఆ మాట చెప్పియున్నారు. "అప్పటి ఆపరేషనుకు అదే సరి అవ్వా. ఇప్పుడు చేసేది వేరు" అని మొదలుపెట్టవలసియుండును.