పెంచిన చేయే విషం పెట్టిందా?

ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లేవారిని ఊరి కంటే ముందు కొండే పలకరిస్తుంది. మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయలు గజపతులతో ఏడాదిన్నర తలపడ్డాడు. 1514లో కోట చిక్కింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ దండయాత్రల్లో రాయల వెన్నంటి ఉన్నవాడు మహామంత్రి సాళువ తిమ్మరుసు, మనందరి అప్పాజీ. పదేళ్లు తిరిగేసరికి రాచబిడ్డకు విషం పెట్టించాడన్న నింద ఆ అప్పాజీ మీదే పడింది.

1524 ప్రాంతంలో రాయలు తన ఆరేళ్ల కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టాడు. ఎనిమిది నెలలు ఉత్సవాలు సాగాయి. ఆ సందడిలోనే పిల్లవాడు జబ్బుపడి కన్నుమూశాడు. తిమ్మరుసు కొడుకే విషమిచ్చాడని రాజుకు తరువాత తెలిసిందట. ఈ మాట చెప్పింది పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్. ఆయన రాసింది 1535 తరువాత. ఎవరు చెప్పగా రాజుకు తెలిసిందో ఆయన రాయలేదు.

నిండు సభలో రాయలు చేసిన ఆరోపణ ఇంకా విచిత్రం. పూర్వం అన్న వీరనరసింహుడు తమ్ముడి కళ్లు పెరికి తెమ్మంటే, తిమ్మరుసు మేక కళ్లు చూపించి రాయలను కాపాడాడని నూనిజే చెబుతాడు. రాయలు దాన్నే తప్పుగా ఎత్తిచూపాడు: నా అన్న ఆజ్ఞ ధిక్కరించిన నువ్వు అప్పుడే ద్రోహివి! ప్రాణం నిలిపిన పనే నేరానికి సాక్ష్యమైపోయింది. బ్రాహ్మణులను చంపకూడదు కనుక మూడేళ్ల చెర తరువాత తండ్రీకొడుకుల కళ్లు పొడిపించారు. ఒక కొడుకు చెరలోనే పోయాడు.

నమ్మినవాళ్లే మందులో విషం కలుపుతారన్న భయం మనకు కొత్త కాదు. రాజుకిచ్చే మందును వైద్యుడు, దాన్ని తయారుచేసినవాళ్లు ముందు తాము రుచి చూడాలని కౌటిల్యుడు ఏనాడో నియమం పెట్టాడు. సుశ్రుతుడైతే రాజుగారి వంటింటి కాపలా కూడా వైద్యుడి పనుల్లో చేర్చాడు. అయితే ఆ వైద్యుడే చంపాలనుకుంటే?

ఇంగ్లండులోని హైడ్ పట్టణంలో అదే జరిగింది. హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు ఇళ్లకు వెళ్లి మరీ వైద్యం చేసేవాడు, పేషెంట్లకు దేవుడు. 1998లో 81 ఏళ్ల వృద్ధురాలు చనిపోయాక ఆస్తంతా డాక్టరుకే రాసినట్లు వీలునామా బయటపడింది. లాయరైన కూతురికి అనుమానం వచ్చింది. శవాన్ని వెలికితీసి పరీక్షిస్తే మార్ఫిన్ తేలింది. ఆమెకు మందుల అలవాటు ఉందని కంప్యూటర్లో పాత తేదీలతో రాసిపెట్టాడు కానీ, ఆ రాత ఎప్పుడు ఎక్కిందో కంప్యూటరే పట్టించింది. 2000లో 15 హత్యలు రుజువయ్యాయి. తరువాతి విచారణలో జస్టిస్ జానెట్ స్మిత్ లెక్క 215కు చేరింది. అన్నేళ్లూ పట్టుబడకపోవడానికి కారణం సులువే: ముసలివాళ్లు పోతుంటారు, మరణ ధ్రువపత్రం రాసేది ఆ డాక్టరే.

షిప్‌మన్‌ను పట్టించినవి శవంలోని మందు, దొంగ వీలునామా, కంప్యూటర్లోని తేదీలు. తిమ్మరుసు మీద వీటిలాంటిది ఒక్కటైనా ఉందా? ఉన్నది ఒక పసివాడి జబ్బు, ఒక తండ్రి దుఃఖం, పదేళ్ల తరువాత ఒక విదేశీయుడు రాసిన మాట. పసిపిల్లలు జ్వరాలతో పిట్టల్లా రాలిపోయిన కాలమది. గద్దె చుట్టూ కుట్రలకూ కొదవ లేదు, కాబట్టి విషం అసాధ్యమని అనను.

1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ సినిమా ఆయన్ను నిర్దోషిగానే చూపింది. సినిమా సాక్ష్యం కోర్టులో చెల్లదు, నిజమే. కానీ నూనిజ్ విన్నమాట మాత్రం చెల్లుతుందా? నా మటుకు సంశయలాభం అప్పాజీదే.