కలరా విషం: పరిశోధన చరిత్ర

విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా మనిషి చిన్నపేగులో చేరి అక్కడ విడిచే ప్రొటీన్‌ను కలరా విషం అంటారు. తెలంగాణ పల్లెల్లో గత్తరగా, మిగతా చోట్ల వాంతిభేదిగా పెద్దవాళ్ళకు గుర్తున్న జబ్బులో రోగి ఒంట్లోని నీరంతా గంటల్లో తోడేసేది ఇదే. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా నీరు బియ్యం కడిగిన నీళ్ళలా బయటికి పోతుంది. కళ్ళు లోతుకు పోతాయి, వేళ్ళ చర్మం ముడతలు పడుతుంది, నాడి అందదు. పొద్దున ఆరోగ్యంగా ఉన్న మనిషి సాయంత్రానికి దక్కకపోవచ్చు.

కలరా బ్యాక్టీరియాను 1884లోనే గుర్తించారు. అది మనిషిని ఎలా చంపుతుందో తెలియడానికి మాత్రం మరో 75 ఏళ్ళు పట్టింది. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే అనే పెథాలజిస్టు కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాలు ఆ చిక్కును విడదీశాయి. ఖరీదైన పరికరాలు లేకపోయినా ప్రశ్న సరైన చోట వేస్తే ఎంత సాధించవచ్చో చూపిన పరిశోధన అది. వైద్య చరిత్రలో దానికి దక్కాల్సినంత చోటు ఇప్పటికీ దక్కలేదు.

క్రిమి దొరికింది, జబ్బు అందలేదు

ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఫిలిప్పో పాచీని 1854లోనే కలరా మృతుల పేగుల్లో ఈ క్రిమిని మైక్రోస్కోపు కింద చూశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1883లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ కలరాను వెతుక్కుంటూ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు వెళ్ళాడు. అక్కడ జబ్బు తగ్గుముఖం పట్టడంతో అదే ఏడాది చివర్లో కలకత్తా చేరాడు. కామా గుర్తులా వంగిన బ్యాక్టీరియాను రోగుల పేగుల నుంచి వేరుచేసి, 1884 మొదట్లో దాన్ని కలరా కారకంగా ప్రకటించాడు.

కోఖ్‌కు ఒక అడ్డంకి మిగిలిపోయింది. ఒక క్రిమి ఒక జబ్బుకు కారణమని తేల్చాలంటే, దాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువుకు ఎక్కించినప్పుడు అదే జబ్బు రావాలి. ఎలుకలకు తినిపించినా, ఇతర జంతువులకు ఎక్కించినా కలరా రాలేదు. గినీపందుల కడుపులోని ఆమ్లాన్ని సోడాతో విరిచి, పేగు కదలకుండా నల్లమందు ఎక్కించి, ఆ తర్వాత బ్యాక్టీరియాను ఇచ్చి చూశాడు. కొన్ని చచ్చిపోయాయి. కానీ ఇన్ని మందుల నడుమ వచ్చిన ఆ చావును కలరా అనడానికి చాలామంది ఒప్పుకోలేదు. బ్యాక్టీరియా ఏదో విషాన్ని విడుస్తోందని, అది పేగు మీద పనిచేస్తోందని కోఖ్ ఊహించాడు. ఊహ సరైనదే, రుజువు మాత్రం లేదు. కోఖ్ వాదనను నమ్మని మ్యూనిక్ వైద్యుడు మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1892లో ఏకంగా బ్యాక్టీరియా కల్చర్‌ను తాగేశాడు. కొద్దిపాటి విరేచనాలతో బయటపడ్డాడు.

అదే రోజుల్లో కోఖ్ దగ్గర పనిచేసే రిచర్డ్ ఫైఫర్ చంపిన కలరా బ్యాక్టీరియాను గినీపందుల ఉదరకుహరంలోకి ఎక్కించాడు. అవి చచ్చిపోయాయి. బ్యాక్టీరియా ఒంటిలోనే ఇమిడి ఉండి, అది చితికినప్పుడు బయటపడే విషం ఉంటుందని ఆయన తేల్చాడు. ఎండోటాక్సిన్ అనే భావన వైద్యంలోకి అలా వచ్చింది. ఎన్నో ఇతర జబ్బుల విషయంలో అది గొప్ప సత్యం. కలరా విషయంలో మాత్రం దాదాపు అరవై ఏళ్ళ పాటు పరిశోధకులను దారి తప్పించింది. పేగులో వచ్చే జబ్బును అందరూ రక్తంలోనూ పొట్ట గోడల మధ్యా వెతికారు. 1915లో వియోల్, క్రెండిరోపూలో అనే ఇద్దరు కుందేలు పేగును దారంతో కట్టి, అందులోకి బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. ఆ ప్రయోగం మరుగున పడిపోయింది.

దానికి తోడు ఇంకో పొరపాటు కూడా పాతుకుపోయింది. కలరా మృతుల శవపరీక్షల్లో పేగు లోపొర ఊడిపోయి కనిపించేది. పేగు గోడ పుండై, దాంట్లోంచి నీరు కారుతోందని పాఠ్యపుస్తకాలు రాసుకున్నాయి. ప్రాణం పోయిన కొద్దిసేపటికే పేగు లోపొర దానంతట అదే కుళ్ళడం మొదలవుతుందన్న సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కుందేలు పేగులో నాలుగంగుళాలు

శంభునాథ్ దే 1915లో బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా గరిబాటిలో పుట్టాడు. కలకత్తా మెడికల్ కాలేజీలో చదివి, లండన్‌లో రాయ్ కామెరాన్ దగ్గర పరిశోధన చేసి 1949లో పీహెచ్‌డీ అందుకున్నాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు ఎలా చేరుతుందో జంతువుల్లో ప్రయోగించి చూసే పద్ధతి అక్కడ ఆయనకు ఒంటబట్టింది. కణజాలంలోకి నీరు ఎందుకు వస్తుంది, ఎటు పోతుంది అన్న ఆలోచనతోనే ఆయన కలకత్తాకు తిరిగి వచ్చాడు. వచ్చేసరికి ఆసుపత్రి వార్డుల నిండా కలరా రోగులు.

కలరా రోగి ఒంట్లోంచి పోయే నీరంతా పేగులోంచే పోతోంది కదా, మరి రక్తంలో వెతకడం ఎందుకు అనుకున్నాడు దే. డి.ఎన్. చటర్జీతో కలిసి 1953లో ప్రచురించిన ప్రయోగం దీని మీదే నిలబడింది. కుందేలుకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, చిన్నపేగులో నాలుగంగుళాల ముక్కను ఎంచుకుంటారు. రక్తనాళాలు దెబ్బతినకుండా రెండు చివరలా దారంతో బిగించి కడతారు. ఆ మూసుకున్న ముక్కలోకి సూదితో కలరా బ్యాక్టీరియాను ఎక్కించి, పేగును లోపల పెట్టి కుట్టేస్తారు. మర్నాడు తెరిచి చూస్తే ఆ ముక్క ఉబ్బి, బిర్రుగా, నీటితో నిండి కనిపించింది. లోపల ఉన్నది కలరా రోగి విరేచనంలో ఉండే నీటి లాంటిదే. బ్యాక్టీరియా లేని ఉత్త ద్రవాన్ని ఎక్కించిన ముక్క మాత్రం ముడుచుకుపోయి ఉంది.

పాత ప్రయోగాల్లో జంతువు చచ్చిందా బతికిందా అన్నదే ఫలితం. చావుకు వంద కారణాలుంటాయి. ఇక్కడ పరిశోధకుడు అడిగింది ఒకటే ప్రశ్న: పేగులోకి నీరు వచ్చిందా, లేదా? జవాబును కంటితో చూడవచ్చు, కొలవవచ్చు. 1956లో దే బృందం విరేచనాల రోగుల నుంచి తీసిన ఇ.కోలై బ్యాక్టీరియాను కూడా ఇలాగే పరీక్షించింది. వాటిలో కొన్ని రకాలు కూడా పేగును నీటితో నింపేశాయి. ప్రయాణికులకూ పసిపిల్లలకూ వచ్చే నీళ్ళ విరేచనాలకు ఈ రకాలు ఒక ముఖ్య కారణమని తర్వాతి కాలంలో తేలింది.

అసలు రుజువు 1959లో వచ్చింది. కల్చర్‌ను వడపోసి, ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా చేసిన ద్రవాన్ని దే కుందేలు పేగు ముక్కలోకి ఎక్కించాడు. ముక్క నిండిపోయింది. అంటే జబ్బు పుట్టించడానికి ఆ క్షణంలో క్రిమి అక్కడ ఉండనక్కర్లేదు, అది బయటికి విడిచిన పదార్థమే చాలు. ఆ ఏడాది మే నెలలో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఆ చిన్న వ్యాసం అరవై ఏళ్ళ ఎండోటాక్సిన్ వాదానికి తెర దించింది. అదే కాలంలో బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్.కె. దత్తా బృందం ఇంకో దారిలో ఇదే గమ్యానికి చేరుకుంది. పాలు తాగే వయసు కుందేలు పిల్లల్లో కలరా లాంటి విరేచనాలు తెప్పించవచ్చని వాళ్ళు 1955లోనే చూపించారు.

విషాన్ని శుద్ధి చేసే పరికరాలు దే దగ్గర లేవు. ఆ పని ఆయన చేతుల మీదుగా జరగలేదు. 1973లో పదవీ విరమణ చేశాడు. 1978లో స్టాక్‌హోమ్‌లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియంకు ఆయన్ను ఆహ్వానించారు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి సిఫారసు చేశాడు. మన దేశంలోని విజ్ఞాన అకాడమీలు మాత్రం ఆయన్ను ఫెలోగా కూడా ఎన్నుకోలేదు. 1985లో ఆయన చనిపోయాక, 1990లో ‘కరెంట్ సైన్స్’ పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. బతికుండగా చేయాల్సిన సత్కారం అది.

కణం లోపల

1969లో అమెరికాలోని డల్లాస్‌లో రిచర్డ్ ఫింకెల్‌స్టైన్, జోసెఫ్ లోస్పలూటో కలరా విషాన్ని శుద్ధి చేశారు. శుద్ధమైన విషం చేతికందడంతో ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలు పనిలోకి దిగాయి. మైకేల్ ఫీల్డ్ కుందేలు పేగు పొరను రెండు ద్రవాల మధ్య తెరలా బిగించి, ఆ పొర గుండా ఏ లవణం ఎటు పోతోందో కొలిచాడు. విషం తగలగానే క్లోరైడ్ పేగులోకి రావడం మొదలైంది, సోడియంను లోపలికి పీల్చుకోవడం తగ్గింది. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సందేశ పదార్థం పెరగడమే దీనికి మూలమని తేలింది.

తర్వాతి పదేళ్ళలో మిగతా కథ ముక్కలు ముక్కలుగా బయటపడింది. ఈ విషంలో ఒక ‘ఏ’ భాగం, ఐదు ‘బి’ భాగాలు ఉంటాయి. ‘బి’లు ఉంగరంలా కూడి, పేగు కణం పైన ఉండే జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. ‘ఏ’లో ఒక తునక కణం లోపలికి చేరి, జీఎస్ అనే ప్రొటీన్‌కు రసాయన ముద్ర వేస్తుంది. నొక్కిన స్విచ్చు మళ్ళీ పైకి రాకుండా ఇరుక్కుపోయినట్టు, ఆ ప్రొటీన్ ఇక ఆగదు. సైక్లిక్ ఏఎంపీ తయారవుతూనే ఉంటుంది, క్లోరైడ్ బయటికి పోతూనే ఉంటుంది, దాని వెంట సోడియం, నీరు. శుద్ధి చేసిన విషాన్ని వాలంటీర్లకు ఇచ్చి చూసినప్పుడు 25 మైక్రోగ్రాములకే 20 లీటర్లకు పైగా విరేచనాలయ్యాయి.

ఇంత జరుగుతున్నా కణం చావదు, పేగు గోడ చిల్లు పడదు. 1960లో యూజీన్ గంగరోసా బృందం బ్యాంకాక్‌లో బతికున్న రోగుల పేగు నుంచి చిన్న తునకలు తీసి పరీక్షించింది. లోపొర చెక్కుచెదరలేదు. శవపరీక్షల్లో చూసిన పుండ్లు మరణానంతరం వచ్చినవే. విషం సోకిన కణాలు కూడా కొద్ది రోజుల్లో సహజంగానే రాలిపోయి కొత్తవి వస్తాయి. అంటే ఆ కొద్ది రోజులూ ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే రోగి బతుకుతాడు.

ఎలా చూసుకోవాలో కూడా పేగు కణాల అధ్యయనమే చెప్పింది. గ్లూకోజు కణంలోకి వెళ్ళేటప్పుడు సోడియంను తనతో తీసుకుపోతుందని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించాడు. కలరా విషం ఈ దారిని మూయలేదు. దాంతో ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు నోటితో తాగిస్తే పేగు వాటిని పీల్చుకుంటుందని 1968లో ఢాకాలో రోగుల్లో చూపించారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా కలిపి డ్రమ్ముల్లో పెట్టించాడు. తాగించే పని రోగుల బంధువులే చేశారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఇవాళ మన మందుల షాపుల్లో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లానికి పునాది ఇదే.

కుందేలు నుంచి కణం దాకా

పేగు ముక్కను కట్టే ప్రయోగంలో కుందేలు దాదాపు ఒక రోజంతా బాధ పడుతుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. ఈ పరిజ్ఞానం వెనుక ఆ మూగజీవాల బాధ ఉందన్నది దాచకూడని నిజం. అందుకే 1974లో వచ్చిన మార్పుకు విలువ ఎక్కువ. చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి పెంచిన కణాలకు కలరా విషం తగిలితే అవి సాగి కదురు ఆకారంలోకి మారతాయని రిచర్డ్ గెరాంట్ బృందం చూపించింది. దాంతో విషం ఉందా లేదా అని తేల్చే పరీక్షలు చాలావరకు కుందేళ్ళ అవసరం లేకుండా గాజు పాత్రలోనే సాధ్యమయ్యాయి.

జంతువులతోనే తేలాల్సినవి మరికొన్ని మిగిలాయి. క్లోరైడ్‌ను బయటికి పంపే సీఎఫ్‌టీఆర్ అనే ద్వారం లేకుండా పుట్టించిన ఎలుకలకు విషం ఇచ్చినా పేగులోకి నీరు రాలేదని 1994లో చూశారు. 1996లో మాథ్యూ వాల్డర్, జాన్ మెకలనోస్ కలరా విషపు జన్యువులు అసలు బ్యాక్టీరియావి కావని, దానిలో చేరిన ఒక వైరస్ మోసుకొచ్చినవని కనుగొన్నారు. ఆ వైరస్ సోకితే విషం లేని విబ్రియో కూడా విషపు విబ్రియో అవుతుంది. ప్రయోగశాల నమూనాలకు హద్దులున్నాయన్న సంగతీ ఈ క్రమంలోనే తెలిసింది. ‘ఏ’ భాగపు జన్యువును తీసేసిన బ్యాక్టీరియాను టీకాగా వాడవచ్చని ఆశించారు. వాలంటీర్లకు ఇస్తే కొందరికి తేలికపాటి విరేచనాలు తప్పలేదు.

హాని చేయని ‘బి’ భాగాన్ని కలిపిన నోటి టీకా డుకొరల్ ఈ పరిశోధన నుంచి నేరుగా పుట్టింది. అది ఖరీదైనది, తాగించేటప్పుడు ఆమ్లాన్ని విరిచే ద్రావణం కూడా కలపాలి. పేద దేశాలకు చౌకగా, ‘బి’ భాగం లేకుండా చంపిన బ్యాక్టీరియాతోనే చేసిన షాన్‌కాల్‌ను హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసింది. 2009లో దేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చాయి. అదే ఊరి భారత్ బయోటెక్ 2024లో హిల్‌కాల్ అనే మరో నోటి టీకాను విడుదల చేసింది. ఈ నోటి టీకాలు రాకముందు, పుష్కరాలకు వెళ్ళేటప్పుడు చేతికి కలరా సూది వేయించుకున్న తరం మన మధ్యే ఉంది. ఆ సూది ఇచ్చే రక్షణ తక్కువ, నొప్పి ఎక్కువ.

ఇప్పుడు మనిషి పేగు నుంచి తీసిన మూలకణాలతో గాజు పాత్రలో చిన్న పేగు బుడగల్ని పెంచుతున్నారు. ‘ఓ’ గ్రూపు రక్తం ఉన్నవాళ్ళకు కలరా సోకితే జబ్బు తీవ్రంగా వస్తుందని వైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. 2016లో అమెరికా పరిశోధకులు ‘ఓ’ గ్రూపు, ‘ఏ’ గ్రూపు మనుషుల కణాలతో పెంచిన పేగు బుడగలకు కలరా విషం ఇచ్చి పోల్చారు. ‘ఓ’ గ్రూపు కణాల్లో సైక్లిక్ ఏఎంపీ ఎక్కువగా పెరిగింది.